రేకుల ఇంట్లో అలలు

కేప్ హార్న్ అవతల మంచు కమ్మిన ఓడ ఒకటి
తన పేరు తానే మర్చిపోతున్నట్టు
డిట్... డిట్... అని నసుగుతుంటే
ఇక్కడ, ఈ వాల్పరైసో కొండ కింద కూర్చుని
బియ్యంలో రాయి ఏరినట్టు
తుపాను గోలలోంచి దాన్ని ఏరిన చెవి ఇది.
ముప్పై ఒక్క ఏళ్ళు ఓడల రేడియో.

ఇప్పుడు వంటింటి నుంచి పడగ్గదికి
పదకొండు అడుగులు.
దాటలేకపోతోంది వైఫై.

ఎర్సీలియా కుట్టు క్లాసు రాత్రి తొమ్మిదికి.
కాలరు ఎక్కడ తిప్పాలో చెప్పబోతూ
టీచరమ్మ నోరు తెరిచి ఆగిపోతుంది,
కత్తెర గాల్లోనే.
మధ్యలో ఓ గుండ్రం, తోక పట్టుకోబోయే కుక్కలా
తిరుగుతూనే ఉంటుంది.
"నీ అలలకేమైంది?" అంటుంది మా ఆవిడ.
నా అలలట.
లోకంలో అలలన్నీ నావే, ఆమె లెక్కలో.

కంపెనీకి ఫోను చేస్తే యాస్నా అనే అమ్మాయి
"ఆపేసి మళ్ళీ పెట్టండి తాతగారూ" అంది.
పెట్టాను.
"ముప్పై సెకన్లు ఆగారా?"
నీళ్ళు నిండుతున్న ఓడతో పాటు
తెల్లారేదాకా ఆగినవాణ్ణమ్మా, అని నాలిక చివరిదాకా వచ్చింది.
ఆగాను, అన్నాను.
రెండు రోజులు బాగుంది. మూడో రోజు మామూలే.

సరే, పాత పద్ధతే.
గళ్ళ కాగితం మీద ఇల్లు గీశాను.
సముద్ర పటంలో లోతులు వేసినట్టు
ఒక్కో గడిలో నిలబడి, ఫోను ఛాతీకి ఆనించి
ఎన్ని గీతలో రాసుకున్నాను.
మెట్ల మీద నాలుగు.
మరుగుదొడ్లో, విచిత్రం, అక్కడా నాలుగే.
గుమ్మంలో ఒకటి.
మంచం దగ్గర సున్నా. ఓడ నేల తాకింది.

దోషుల్ని పిలిచాను.
ఈ కొండ మీద ఇళ్ళన్నీ రేకు తొడుక్కున్నవే,
నీలం ఒకటి, ఆవపిండి రంగు ఒకటి;
కానీ మా లోపలి గోడ చెక్కది, పాపం, ఏమీ ఎరగదు.
నీళ్ళు అలల్ని తాగేస్తాయి కదా అని
చేపల తొట్టి కిటికీ కిందికి జరిపాను.
చేపలు రెండూ నాకేసి చూశాయి. గీత పెరగలేదు.
నిలువుటద్దం దింపితే అరగీత.
ఆరో ఛానెల్లో వీధి వీధంతా
చేపల రేవులో వేలంపాటలా అరుస్తోంది,
పదకొండుకి మారాను. ఇంకో అరగీత.

నాలుగో రాత్రి స్కేలు పెట్టి
రౌటర్ నుంచి మంచానికి గీత గీస్తే
అది నేను ఖాళీగా వదిలేసిన గడిలోంచి పోయింది.

ఆ గడిలో నేను నిలబడలేదు.
అక్కడ నా పాత సెట్టు నిలబడి ఉంది:
ఛాతీ ఎత్తు ఉక్కు బీరువా, బూడిద రంగు,
స్టేషను మూసేసినప్పుడు
నూట అరవై రెండు మెట్లు మోయించి తెచ్చుకున్నది.
రౌటర్ని దాని వెనక పెట్టిందీ నేనే.
ప్లగ్గు అక్కడుందని.

ఎర్సీలియా పటం చూసింది.
ఖాళీ గడి మీద వేలితో ఒక్కసారి తట్టింది.
"ముందే తెలుసా?"
"కొలతలు నేర్చుకుంటున్నాను కదా" అంది, అంతే.

పక్కింటి బౌదీలియో ఓ చెయ్యి వేశాడు.
సెట్టు మెట్ల కిందికి పోయింది.
అది ఉన్నచోట నేల మీద నాలుగు గుంటలు,
మిగతా ఇంటికన్నా వయసు తక్కువ చెక్క.
గడియారం మాత్రం గోడకే ఉంచుకున్నాను.

మంచం దగ్గర నాలుగు గీతలు!
టీచరమ్మ కత్తెర కిందికి దిగింది,
కాలరు తిరిగింది.

తొమ్మిదీ పదిహేనుకి మళ్ళీ పోయింది.

బౌదీలియో పాలు వేడి చేసుకునే వేళ.
వాడి ముసలి మైక్రోవేవ్‌దీ వైఫైదీ ఒకటే బాట.
గడియారం చూశాను.
దాని ముఖాన రెండు ఎర్ర ముక్కలు,
పదిహేను నుంచి పద్దెనిమిది, నలభై అయిదు నుంచి నలభై ఎనిమిది.
ఆ నిమిషాల్లో ఏ సముద్రం మీదా ఎవ్వరూ మీట తాకేవాళ్ళం కాదు.
వేళ్ళు ఎత్తి పట్టుకుని వినేవాళ్ళం,
మునిగేవాడెవడైనా మెల్లిగా పిలుస్తాడేమోనని.

యాస్నాకి మళ్ళీ ఫోను చెయ్యలేదు.
గోడ అవతల గుయ్యిమంటోంది.
ఎర్సీలియా సూది పక్కన పెట్టింది.
ఇద్దరం వింటున్నాం.

టింగ్.